చేతితో చేయించుకునే ఫౌంటెన్ పెన్ను: బంగారం పాళీకా, వెండి రింగుకా?

నగల విషయంలో మనవాళ్లకు 18 క్యారెట్లంటే చిన్నచూపు, 14 అంటే అసలు లెక్కలోకే రాదు. 916 ముద్ర చూడందే గాజు చేతికి ఎక్కదు. అదే పట్టింపుతో ఫౌంటెన్ పెన్ను చేయించబోతే పప్పులో కాలేసినట్టే. పాళీకి 22 క్యారెట్ల బంగారం మరీ మెత్తన. గట్టిగా నొక్కి సంతకం పెట్టేవాళ్ల చేతిలో రెక్కలు రెండూ విచ్చుకుపోయి మళ్లీ దగ్గరికి రావు. ప్రపంచమంతా పాళీలకు 14, 18 క్యారెట్లే ఎక్కువ వాడుతుంది. జపాన్‌లో సైలర్ కంపెనీ 21 క్యారెట్ల పాళీలు చేస్తుంది, కానీ అది వాళ్ల ప్రత్యేకత, అందరికీ ఒప్పే పద్ధతి కాదు. పెన్ను దాకా వస్తే 14 క్యారెట్లు నాసిరకం కాదు, ఆ పనికి సరిగ్గా సరిపోయే రకం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడ్జెట్‌లో విలువైన లోహం ఒక్కచోటే పెట్టగలిగితే అది పాళీకి పెట్టండి. ఇంకా మిగిలితే మూత అంచున ఒక వెండి రింగు. క్లిప్పుకు వద్దు. ఒళ్లంతా వెండి అన్నది వేరే కథ, దాని గురించి కింద చెబుతాను.

చేయించుకోవడానికి మనకు దూరం పోనక్కర్లేదు. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో పెన్నుల పని మొదలుపెట్టేనాటికి ఆయన చేతిలో ఉన్నది స్వర్ణకారుడి పనితనమే. ఆయన చేసిన స్వదేశీ పెన్ను గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. బజారులో దొరికే విదేశీ పెన్నుల స్థానంలో వాడుకోవడానికి ఇది బాగానే ఉన్నట్టుందని గాంధీజీ 1935 జులై 16న ఉత్తరం రాశారు. రత్నం పెన్నులు ఇప్పటికీ ఆ ఊరివే. గైడర్ కూడా రాజమండ్రిదే. హైదరాబాద్ అబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న దక్కన్ పెన్ స్టోర్స్, చెన్నై దగ్గర తిరువళ్లూరులోని రంగా పెన్నులు ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిన పేర్లే. ఎవరు ఏ లోహంతో ఎంతవరకు చేసిస్తారన్నది ఆర్డరు ఇచ్చే రోజున తేల్చుకోవాల్సిన విషయం. కొందరు పెన్ను ఒళ్లు మాత్రమే లాత్ మీద తిప్పి, పాళీ బయట కొంటారు. జర్మనీ నుంచి బాక్, జోవో, మన కాన్పూర్ నుంచి కాన్‌రైట్ పాళీలు తరచూ కనిపిస్తాయి. రింగులు, క్లిప్పులు మరో కంసాలి దగ్గర చేయిస్తారు. అందుకే "మీరే చేస్తారా, చేయిస్తారా" అని ముందే అడగండి. చేయించడం తప్పేమీ కాదు. రేపు రింగు ఊడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియాలి, అంతే.

పాళీ: స్టీలా, బంగారమా

మంచి స్టీలు పాళీ చెడ్డ బంగారు పాళీకంటే వెయ్యి రెట్లు నయం. కాగితాన్ని తాకే కొన అసలు బంగారమే కాదు. దాని మీద అతికించే చిన్న గోళీ వేరే గట్టి మిశ్రలోహం. వాడుకలో ఇరిడియం అంటారు గానీ ఇప్పుడు అందులో ఎక్కువగా ఉండేవి రుథేనియం, ఆస్మియం, టంగ్‌స్టన్ లాంటివి. నున్నగా రాస్తుందా, గీరుతుందా అన్నది ఆ గోళీని ఎలా అరగదీశారన్న దాన్ని బట్టి ఉంటుంది. దానికి బంగారంతో సంబంధం లేదు.

మరి బంగారం ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, అది సిరాకు లొంగదు. దస్తావేజులకు వాడే ఐరన్ గాల్ అనే చెరగని సిరాల్లో ఆమ్లం ఉంటుంది, నాసిరకం స్టీలును ఏళ్ల తరబడి మెల్లగా తింటుంది. బంగారానికి ఆ బెడద లేదు. రిజిస్టర్లలో, దస్తావేజుల మీద చెరగని సిరాతో రాసేవాళ్లకు ఇది నిజమైన లాభం. రెండోది, 14 క్యారెట్ల పాళీలో కొద్దిపాటి స్ప్రింగు ఉండేలా చేయవచ్చు, చెయ్యి తేలిగ్గా పెట్టి రాసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. అయితే స్ప్రింగు ఎక్కువగా పాళీ మందం, ఆకారం నుంచి వస్తుంది. మేకులా బిగుసుకుపోయిన బంగారు పాళీలు బోలెడు. బాల్‌పెన్నుకు అలవాటుపడి కాగితాన్ని గుచ్చి రాసేవాళ్లయితే స్టీలు తీసుకోండి, మిగిలిన డబ్బు మరోచోట పెట్టండి.

పాళీ మీద ముద్ర చదవడం నేర్చుకోవాలి. 14 క్యారెట్లయితే 585, 18 అయితే 750 అంకె ఉంటుంది. అంకె పక్కన జీపీ అని చిన్న అక్షరాలుంటే అది స్టీలు మీద పూత. "ఇరిడియం పాయింట్ జర్మనీ" అని చెక్కి ఉంటే అది బంగారం గురించి ఒక్క ముక్కా చెప్పదు, జర్మనీలో చేశారనడానికి కూడా అది రుజువు కాదు. పసుపు రంగు చూసి మురిసిపోయేవాళ్ల కోసమే ఆ ముద్ర.

ఇక్కడే తెలుగులో రాసేవాళ్లకు ఒక మాట. మన అక్షరాలన్నీ గుండ్రాలు. పాళీ అన్ని వైపులకూ తిరగాలి, మధ్యలో ఎక్కడా తట్టుకోకూడదు. ఇంగ్లిష్ సంతకానికి అందంగా కనిపించే, కొన బల్లపరుపుగా ఉండే స్టబ్, ఇటాలిక్ పాళీలు తెలుగులో "ణ" రాసేటప్పుడు అంచుతో గీరుతాయి. మరీ బ్రాడ్ అయితే "ఘ" లోపలి కన్ను సిరాతో పూడిపోతుంది, వత్తులు బొట్లుగా మారతాయి. ఫైన్ లేదా మీడియం, గోళీ గుండ్రంగా ఉన్నది తీసుకోవడమే క్షేమం. జపాన్ ఫైన్ జర్మనీ ఫైన్ కంటే సన్నం, అది గుర్తుంచుకోండి. ఆర్డరు ఇచ్చే ముందు మీ చేతిరాత ఉన్న కాగితం ఒకటి పంపండి. పాళీ సరిచేసేవాళ్లకు పది ఫోన్ కాల్స్ కంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది. దానిమీద "క్షణం", "ఘోష", "తృష్ణ" లాంటి ఇరుకు పదాలు ఉండేలా చూడండి.

రింగులు: వెండికీ ఎబొనైట్‌కూ పడదు

మనదగ్గర చేతిపెన్నులకు ఎక్కువగా వాడేది ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికిస్తే గట్టిపడి వచ్చేదే అది. లాత్ మీద ఉలి తగలగానే నల్లటి పొడి రిబ్బన్లుగా లేస్తుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఆ వాసనలో ఉన్నదే గంధకం. పెన్ను పూర్తయ్యాక కూడా అది కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. వెండికి గంధకం తగిలితే నల్లబడుతుంది. కాబట్టి ఎబొనైట్ పెన్నుకు వెండి రింగు వేయించుకుంటే, డబ్బాలో మూసిపెట్టినా సరే, కొన్నాళ్లకు నలుపెక్కడం ఖాయం. నిజానికి మూసిపెడితేనే ఎక్కువ. రోజూ చేతిలో నలిగే పెన్ను కాస్త తెల్లగా ఉంటుంది.

దీనికి దారులు మూడు. మొదటిది, నలుపును ఒప్పుకోవడం. చెక్కడం పని ఉన్న రింగుకు గాట్లలో నలుపు దిగితే బాగుంటుంది కూడా. కొందరు కావాలనే నల్లబరిపిస్తారు. రెండోది, వెండి మీద రోడియం పూత. మెరుపు నిలుస్తుంది గానీ, చల్లటి ఉక్కు రంగు వస్తుంది, వెండి వెలుగు పోతుంది. మూడోది, ఎబొనైట్ మానేసి అక్రిలిక్ అనే ప్లాస్టిక్ తీసుకోవడం. అక్రిలిక్‌లో గంధకం లేదు, రంగులు బోలెడు, ఎండకు ఎబొనైట్‌లా వెలిసి ఆకుపచ్చ గోధుమ రంగులోకి తిరగదు. కానీ చేతికి ఎబొనైట్ ఇచ్చే వెచ్చదనం, ఆ పట్టు అక్రిలిక్‌లో రావు. నాకైతే ఎబొనైట్, నల్లబడిన వెండి కలిసినదే ఇష్టం.

తోమే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. ఇంట్లో కుందులు, పళ్లేలు విభూతితో తళతళలాడిస్తాం కదా అని పెన్ను రింగుకు అదే పట్టించకండి. ఆ పొడి మూత మరల్లోకి చేరి తిప్పినప్పుడల్లా ఎబొనైట్‌ను అరగదీస్తుంది. పక్కనున్న మెరుపు మీద గీతలు పడతాయి. టూత్‌పేస్టూ అంతే. వెండి తుడిచే గుడ్డతో రింగు మీద మాత్రమే, వేలి కొనతో తుడవాలి.

రింగులో ఎంత లోహం ఉంటుందో మీరే లెక్కవేసుకోవచ్చు. మూత దగ్గర 15 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉన్న రింగు అనుకుందాం. 92.5 శాతం వెండిలో అది దాదాపు రెండున్నర గ్రాములు. అదే రింగు 18 క్యారెట్ల బంగారంలో మూడున్నర గ్రాములు దాటుతుంది, 22 క్యారెట్లలో నాలుగు గ్రాములపైనే. ఈరోజు మార్కెట్ ధరతో గుణించి చూడండి. వెండి రింగుకు మీరిచ్చేది దాదాపు అంతా మజూరీయే, లోహం ఖరీదు అందులో నామమాత్రం. "వెండి ధర పెరిగింది" అని పెన్ను చేసేవాళ్లు రేటు రెట్టింపు చెబితే ఆ లెక్క వాళ్ల ముందు పెట్టండి. బంగారు రింగు సంగతి తిరగబడుతుంది, అక్కడ లోహమే అసలు ఖర్చు. పైగా ఆ నాలుగు గ్రాములు మూతలో చేరతాయి. మూత తీసి పెన్ను వెనక తగిలించి రాసే అలవాటుంటే బరువు వెనక్కి లాగుతుంది.

ఇంకో సంగతి. వేడికి ఎబొనైట్ వెండి కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మేలో విజయవాడ ఎండలో బిగుసుకున్న రింగు, డిసెంబరులో ఏసీ గదిలో వదులై గిరగిరా తిరుగుతుంది. కాబట్టి రింగును పైపైన జిగురుతో అంటించే పద్ధతి వద్దు. రెండు వైపులా గట్టు ఉండేలా గాడి తీసి, అందులో కూర్చోబెట్టమనాలి. ఇది అడిగితే పనివాడెవరో, అతికించేవాడెవరో తేలిపోతుంది.

క్లిప్పు

ఇది త్వరగా ముగిద్దాం. శుద్ధమైన వెండి, బంగారం రెండూ మెత్తని లోహాలు. జేబుకు పదిసార్లు తగిలిస్తే క్లిప్పు వంగి అలాగే ఉండిపోతుంది, పట్టు పోతుంది. సుత్తితో కొట్టి గట్టిపరిస్తే కొంత మేలు. అయినా స్ప్రింగు కావాల్సిన చోట ఇత్తడో, ఫాస్ఫర్ బ్రాంజో లోపల పెట్టి పైన పూత వేయడమే తెలివైన పని. లేదా క్లిప్పే మానేయండి. జేబులో పెట్టని పెన్నుకు అది అనవసరం. బల్ల మీద దొర్లకుండా మూతకు ఒక చిన్న వెండి బొడిపె పెట్టించుకుంటే సరి.

పూతల్లోనూ తేడాలున్నాయి. గోల్డ్ ఫ్లాష్ అనే మామూలు పలచటి పూత మందం అర మైక్రాను కూడా ఉండదు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చొక్కా జేబు రాపిడికి, చెమటకు అంచుల దగ్గర ఇత్తడి బయటపడుతుంది. వెండి మీద కనీసం రెండున్నర మైక్రాన్ల బంగారు పూత వేస్తే దాన్ని వర్మీల్ అంటారు. పూత అరిగినా కింద బయటపడేది వెండే కాబట్టి చూడ్డానికి అంత అసహ్యంగా ఉండదు. "గోల్డ్ ప్లేటెడ్" అని ఊరుకోకుండా "దేని మీద, ఎన్ని మైక్రాన్లు" అని అడగండి. జవాబు రాకపోతే వన్ గ్రామ్ గోల్డ్ గాజుకు ఇచ్చేంత ధరకు మించి దానికి ఇవ్వకండి.

ఒళ్లంతా వెండి

దీనికి పేరున్న సంప్రదాయం ఇంగ్లండ్‌ది. లోహం స్వచ్ఛతను పరీక్షించే బర్మింగ్‌హామ్ అస్సే ఆఫీసు 1773 నుంచి వెండి మీద లంగరు ముద్ర వేస్తోంది. యార్డ్-ఓ-లెడ్ లాంటి కంపెనీల వెండి పెన్నుల మీద ఆ ముద్ర చూడవచ్చు. మన దగ్గర వెండి పెన్ను చేయించుకోవాలంటే లోపల ఎబొనైట్ గొట్టం, పైన చెక్కిన వెండి తొడుగు ఉండేలా చేయించుకోవడం మేలు. ఎందుకంటే మన చేతిపెన్నుల్లో చాలావరకు బ్యారెల్‌లోనే నేరుగా సిరా పోసుకునేవి. మూడు మిల్లీలీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సిరా సగానికి తగ్గాక ఖాళీ జాగాలో గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీలోంచి బయటికి నెడుతుంది. ఎబొనైట్ వేడిని తేలిగ్గా లోపలికి రానివ్వదు, వెండి అయితే క్షణంలో రానిస్తుంది. లోపల వేరే గొట్టం లేని వెండి బ్యారెల్‌లో సిరా పోస్తే బొట్లు రాలుతాయి, పైగా సిరా వెండిని తింటుంది. వెండి కావాలంటే కన్వర్టర్, అంటే సిరా పీల్చుకునే చిన్న విడి గొట్టం, పెట్టించండి. అందులో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు నిజమే, కానీ ధవళ వస్త్రాలతో సభకెళ్లేవాళ్లకు అదే క్షేమం.

వేళ్లతో పట్టుకునే భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోహంతో చేయించకండి. అరచేతికి చెమట పట్టే మన వాతావరణంలో అది జారుతుంది, రెండు పేజీలకే వేళ్లు నొప్పెడతాయి.

కరీంనగర్ వెండి తీగపని పెన్ను మీద అద్భుతంగా ఉంటుందని అనుకునేవాళ్లుంటారు. అత్తరుదాన్ల మీద చూసి నాకూ ఆ ఊహ వచ్చింది. కానీ తీగల సందుల్లో సిరా, చెమట, దుమ్ము చేరితే తీయడం కష్టం, జేబు గుడ్డకు తీగ తట్టుకుంటుంది. మూత పైభాగాన చిన్న బిళ్లగా పెట్టించుకుంటే ముచ్చట తీరుతుంది, ఇబ్బందీ ఉండదు.

బిల్లు లేకుండా వద్దు

2021 జూన్‌లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు కేంద్రం కొన్నింటికి మినహాయింపు ఇచ్చింది: కుందన్, పోల్కీ, జడావు నగలు, గడియారాలు, ఫౌంటెన్ పెన్నులు. అంటే నగ మీద కనిపించే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు నంబరు పెన్ను మీద ఉండాలన్న నియమం లేదు. ముద్ర లేకపోతే మోసమని కాదు. ముద్ర లేదు కాబట్టి రాతకోతలు మనమే చూసుకోవాలి.

బిల్లులో నాలుగు సంగతులుండాలి: ఏ భాగం ఏ లోహం, ఎన్ని క్యారెట్లు లేదా ఎంత శాతం, ఎన్ని గ్రాములు, తరుగూ మజూరీ కలిపి ఎంత. రింగును పెన్నుకు ఎక్కించక ముందే త్రాసు మీద పెట్టి ఫొటో పంపమనండి. ఎక్కించాక తూకం తేలదు. తర్వాత నగల స్వచ్ఛతను ఎక్స్‌రేతో చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం మీద పెట్టి చూపించవచ్చు గానీ అది పైపొరనే చూస్తుంది, పూత మందంగా ఉంటే దాన్నే బంగారమని చూపించే ప్రమాదం ఉంది. పనితనం మీద నమ్మకం ఉన్నవాళ్లు ఈ ఫొటోకు చిన్నబుచ్చుకోరు.

పాళీ బంగారం మీద మాత్రం అంత గింజుకోనక్కర్లేదు. మామూలుగా వాడే ఆరో నంబరు సైజు పాళీలో లోహం గ్రాము కంటే తక్కువే. దాన్ని కరిగించి అమ్ముకునేదేం లేదు, రాతకు పనికొస్తుందా లేదా అన్నదే చూసుకోండి.

ఎవరికి ఏది

నాన్నగారి రిటైర్‌మెంటుకో, మాస్టారి సన్మానానికో ఇచ్చే పెన్ను అయితే: నల్ల ఎబొనైట్, స్టీలు పాళీ, మూతకు ఒక వెండి రింగు, దానిమీద తెలుగులో పేరు. వాళ్లు ఎంత రాస్తారో మీకు తెలియదు కాబట్టి బంగారు పాళీ తొందరపాటు. పేరు చెక్కించేటప్పుడు లోతు తగినంత ఉండేలా చూడండి. సన్నటి లేజర్ గీత పదిసార్లు తుడిస్తే మాసిపోతుంది, చేత్తో చెక్కింది నిలుస్తుంది. వత్తులున్న పేరైతే రింగు వెడల్పు 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. "కృష్ణమూర్తి" అన్న పేరును 3 మిల్లీమీటర్లలో ఇరికిస్తే చదవలేం.

రోజూ పేజీలకు పేజీలు రాసే లాయర్లు, రచయితలు, ఇంకా చేత్తోనే ప్రిస్క్రిప్షన్ రాసే డాక్టర్లు 14 క్యారెట్ల పాళీకి డబ్బు పెట్టి, రింగులు, క్లిప్పు స్టీలుతో సరిపెట్టుకోవచ్చు. పైకి సాదాగా కనిపిస్తుంది, అది నష్టమేమీ కాదు. ఆసుపత్రిలో, కోర్టులో పెన్ను పోవడం మామూలే.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు సిరా నేరుగా పోసే రకం కాకుండా కన్వర్టర్ పట్టేది ఎంచుకోండి. విమానంలో క్యాబిన్ ఒత్తిడి తగ్గినప్పుడు సగం నిండిన బ్యారెల్ కక్కేస్తుంది. తప్పదంటే పూర్తిగా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి, పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. లోహం వివరాలున్న బిల్లు కాపీ పెట్టెలోనే ఉంచండి, కస్టమ్స్ వాళ్లు అడగవచ్చు.

బంగారు రింగు, బంగారు పాళీ, చెక్కడం అన్నీ ఒకే పెన్నులో కావాలనుకునే సేకర్తలకు నేను చెప్పగలిగేది తక్కువ. ఒక్కటి మాత్రం: ఆ పెన్నుకు ఒళ్లు అక్రిలిక్ కాకుండా ఎబొనైటే పెట్టించండి. బంగారం గంధకానికి నల్లబడదు కాబట్టి వెండికి ఉన్న ఇబ్బంది దానికి లేదు. నల్ల ఎబొనైట్ మీద పసుపు మెరుపుకు సాటి వచ్చేది నేనింకా చూడలేదు.

పెన్ను చేతికొచ్చిన రోజు సిరా పోయకండి. బ్యారెల్ నిండా నీళ్లు పోసి, మూతలో చిన్న టిష్యూ ముక్క పెట్టి బిగించి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో రాత్రంతా నిలబెట్టండి. బిగించే మరల దగ్గర చుక్క కనిపించినా, టిష్యూ ముద్దగా తడిసినా వెనక్కి పంపండి. చిన్న తేమ మచ్చకు కంగారు పడనక్కర్లేదు. రింగును వేలితో తిప్పి చూడండి, కదలకూడదు. మూత ఎన్ని చుట్లకు బిగుస్తుందో చూడండి, మూడు దాటితే రోజువారీ వాడకానికి విసుగు. చివరి మజూరీ బాకీ ఇవన్నీ చూశాకే చెల్లించేలా ముందే మాట్లాడుకోండి.